కాలం చెల్లిన క్షిపణికి కొత్త కొలువు

* రక్షణ కవచ పరీక్షల్లో లక్ష్యాలుగా పాత అస్త్రాలు
* అమెరికాలో మూడు దశాబ్దాలకు పైబడిన అనుభవం
* మన పృథ్విదీ అదే పాత్ర

నాగాయలంక: కృష్ణా జిల్లా నాగాయలంక మండలం గుల్లలమోద తీరం పేరు ఇప్పుడు దేశ రక్షణ పటంలోకి చేరింది. ఇక్కడ క్షిపణి పరీక్ష కేంద్రానికి 2025 మే 2న ప్రధాని నరేంద్ర మోదీ అమరావతి సభ నుంచి శంకుస్థాపన చేశారు. దీని అంచనా వ్యయం సుమారు రూ.1,460 కోట్లు. ప్రయోగ కేంద్రం, రాడార్లు, దూరమాపన పరికరాలు, క్షిపణి గమనాన్ని కంటితో పట్టే దృశ్య పరికరాలు ఇందులో భాగం. తీరంలో క్షిపణి పరీక్ష అనగానే ఒక అస్త్రం నింగికి ఎగసి సముద్రంలో పడటమే సామాన్యుల ఊహకు అందుతుంది. అయితే శత్రు క్షిపణిని గాలిలోనే కూల్చే రక్షణ అస్త్రాన్ని పరీక్షించాలంటే ఒక్క క్షిపణి చాలదు. ఎదురుగా దూసుకొచ్చే మరొకటి కావాలి. ఆ రెండోది ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు సమాధానం ఆసక్తికరం. చాలా సందర్భాల్లో అది ఒకప్పుడు అణ్వస్త్రాన్ని మోయడానికి తయారై, కాలం చెల్లి కొలువు నుంచి తప్పించిన క్షిపణే.

ఉజ్జీ లేనిదే పందెం లేదు

పుంజు సత్తా తేలాలంటే సరైన ఉజ్జీ ఉండాలంటారు. క్షిపణి రక్షణ వ్యవస్థకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఖండాంతర క్షిపణి భూ వాతావరణాన్ని దాటి అంతరిక్షంలోకి వెళ్లి, సెకనుకు ఆరేడు కిలోమీటర్ల వేగంతో తిరిగి కిందికి దిగుతుంది. దాన్ని మధ్యలోనే ఢీకొట్టి ముక్కలు చేయడం తుపాకీ గుండును మరో తుపాకీ గుండుతో కొట్టడం వంటిదని నిపుణులు పోలుస్తుంటారు. కంప్యూటర్‌పై ఎన్ని లెక్కలు కట్టినా ఆ వేగం, ఆ ఎత్తు, ఆ వేడి నిజంగా ఎదురైనప్పుడే వ్యవస్థ బలాబలాలు బయటపడతాయి. అందుకే శత్రు క్షిపణిలా ప్రవర్తించే ‘లక్ష్య క్షిపణి’ తప్పనిసరి.

ఇటువంటి లక్ష్యాన్ని మొదటి నుంచి కొత్తగా తయారు చేయడం ఖర్చుతో, కాలయాపనతో కూడిన పని. ఒక్కసారి ఎగిరి ధ్వంసమయ్యే వస్తువుకు కొత్త రాకెట్ మోటార్ల కర్మాగారం నడపడం ఏ దేశానికైనా భారమే. మరోవైపు సైన్యం పక్కనపెట్టిన క్షిపణులు గోదాముల్లో పడి ఉంటాయి. వాటిని కాపలా కాయడానికీ, చివరకు ధ్వంసం చేయడానికీ ఎటూ డబ్బు వెచ్చించాల్సిందే. పాత ట్రాక్టర్ ఇంజినును రైతు నీటి మోటారుకు బిగించుకున్నట్లే, అమెరికా ఈ రెండు అవసరాలను ఒకదానితో ఒకటి ముడిపెట్టింది.

నేలమాళిగ నుంచి గోదాముకు

ఈ కథకు మూలం మినిట్‌మన్-2 ఖండాంతర క్షిపణి. 1960ల మధ్యలో అమెరికా వైమానిక దళం దీన్ని మోహరించింది. బరువు సుమారు 33 టన్నులు. మూడు దశల్లో ఘన ఇంధనంతో పనిచేస్తూ 11 వేల కి.మీ.కు పైగా ప్రయాణించగలదు. ఒక్కో క్షిపణి మోసే అణ్వస్త్రం శక్తి 1.2 మెగాటన్నులు. హిరోషిమాపై పడిన బాంబుతో పోలిస్తే ఇది సుమారు 80 రెట్లు. మొంటానా, దక్షిణ డకోటా, మిస్సోరీ రాష్ట్రాల పొలాల నడుమ భూగర్భ గోతుల్లో ఇటువంటివి 450 ఉండేవి. వాటికి కూతవేటు దూరంలోనే రైతులు గోధుమ పండించుకునేవారు, పశువులు మేపుకునేవారు.

1991 జులై 31న అమెరికా, సోవియట్ యూనియన్ వ్యూహాత్మక ఆయుధాల తగ్గింపు ఒప్పందం ‘స్టార్ట్’పై సంతకాలు చేశాయి. అదే ఏడాది సెప్టెంబరు 27న అధ్యక్షుడు జార్జి హెచ్.డబ్ల్యూ.బుష్ మినిట్‌మన్-2 క్షిపణులను యుద్ధ సన్నద్ధత నుంచి తప్పిస్తున్నట్లు ప్రకటించారు. తర్వాతి సంవత్సరాల్లో వాటిని ఒక్కొక్కటిగా గోతుల నుంచి వెలికితీశారు. అణుశీర్షాలను వేరుచేసి పంపారు. దక్షిణ డకోటా, మిస్సోరీల్లోని గోతులను పేల్చి పూడ్చారు. దక్షిణ డకోటాలో ఒక గోతిని మాత్రం సందర్శకుల కోసం జాతీయ స్మారక స్థలంగా ఉంచారు. మిగిలిన రాకెట్ మోటార్లు యూటా, అరిజోనా రాష్ట్రాల్లోని నిల్వ కేంద్రాలకు చేరాయి. ఆ నిల్వే తర్వాత లక్ష్య క్షిపణులకు ముడిసరుకైంది.

పాత మోటారు... కొత్త మెదడు

పాత క్షిపణిని ఉన్నదున్నట్లు ప్రయోగించడం కుదరదు. మార్పు పలు అంచెల్లో సాగుతుంది. తొలుత మోటార్లను పారిశ్రామిక ఎక్స్‌రే యంత్రాలతో తనిఖీ చేస్తారు. లోపలి ఇంధన దిమ్మెలో బీటలున్నాయా, ఇంధనం గొట్టపు గోడ నుంచి విడివడిందా అన్నది ఇందులో తేలుతుంది. తర్వాత 1960ల నాటి మార్గనిర్దేశక యంత్రాంగాన్ని తొలగించి ఆధునిక కంప్యూటర్‌ను అమరుస్తారు. ముక్కు భాగంలో అణ్వస్త్రం ఉండాల్సిన చోట పేలుడు పదార్థం లేని నమూనాను, దానిలో కొలత పరికరాలను ఉంచుతారు. ఢీకొన్న క్షణం వరకు జరిగే ప్రతి కదలికనూ ఇవి భూమికి చేరవేస్తాయి.

మరో ముఖ్యమైన అమరిక, దారి తప్పితే మధ్యలోనే ధ్వంసం చేసే వ్యవస్థ. యుద్ధానికి తయారైన క్షిపణికి దీని అవసరం ఉండదు. పరీక్షకు మాత్రం ఇదే ప్రాణం. నియంత్రణ కేంద్రంలోని భద్రతాధికారి క్షిపణి నిర్ణీత హద్దు దాటుతోందని గుర్తిస్తే మీట నొక్కి ముక్కలు చేస్తారు.

ఏ పరీక్షకు ఎంత దూరం, ఎంత వేగం కావాలన్న దాన్ని బట్టి దశలను కలుపుతారు, తగ్గిస్తారు. మినిట్‌మన్-2లోని రెండో దశను మొదటిదిగా, మూడో దశను రెండోదిగా అమర్చితే ‘హెరా’ అనే మధ్యశ్రేణి లక్ష్యం తయారైంది. దీన్ని న్యూమెక్సికోలోని ఫోర్ట్ వింగేట్ నుంచి వైట్ శాండ్స్ పరీక్ష మైదానం వైపు ప్రయోగించి థాడ్, పేట్రియాట్ రక్షణ వ్యవస్థలను పరీక్షించారు. జలాంతర్గాముల కోసం తయారైన పోలారిస్ ఏ-3 క్షిపణి మోటార్లతో ‘స్టార్స్’ అనే లక్ష్య వాహనం రూపుదిద్దుకుంది. హవాయి దీవుల్లోని కవాయి నుంచి 1993లో ఇది తొలిసారి ఎగిరింది. తర్వాతి కాలంలో ట్రైడెంట్ సీ-4 జలాంతర్గామి క్షిపణి మోటార్లతో ‘ఎల్‌వీ-2’ అనే లక్ష్యాన్ని రూపొందించారు. 2011 ఏప్రిల్ 15న క్వాజలీన్ దీవి నుంచి ఎగిరిన ఈ లక్ష్యాన్ని అమెరికా యుద్ధనౌక ఓకేన్ నుంచి ప్రయోగించిన ప్రతిక్షిపణి అంతరిక్షంలోనే కూల్చింది.

పసిఫిక్‌పై ఢీ

ఈ తరహా పరీక్షల్లో 1999 అక్టోబరు 2 నాటిది ప్రసిద్ధం. కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ స్థావరం నుంచి మార్పులు చేసిన మినిట్‌మన్ క్షిపణి పడమటికి ఎగిరింది. సుమారు 20 నిమిషాల తర్వాత దాదాపు 7 వేల కి.మీ. దూరాన, మార్షల్ దీవుల్లోని క్వాజలీన్ పగడపు దీవుల నుంచి ప్రతిక్షిపణి బయలుదేరింది. దాని కొసన ఉన్న సుమారు 60 కిలోల ఢీకొట్టే యంత్రంలో పేలుడు పదార్థం లేదు. కేవలం వేగమే ఆయుధం. భూమికి సుమారు 225 కి.మీ. ఎత్తున రెండూ ఢీకొని తునాతునకలయ్యాయి. మూడు దశాబ్దాల క్రితం సోవియట్ నగరాలపై గురిపెట్టిన అస్త్రజాతి, ఆ రోజు తన దేశపు రక్షణ కవచానికి పరీక్షా వస్తువైంది.

ప్రతిసారీ ఇంత సాఫీగా జరగలేదు. 2000 జనవరి 18న జరిగిన తర్వాతి పరీక్షలోనూ, జులై 8న జరిగిన పరీక్షలోనూ లక్ష్యం ఎగిరినా ప్రతిక్షిపణి దాన్ని తాకలేకపోయింది. రెండో పరీక్షలో లక్ష్యం వెంట వెళ్లిన తప్పుదారి పట్టించే బుడగ సైతం ఉబ్బలేదు.

నిరుటి చిచ్చుబుడ్డి నమ్మకమెంత?

పాత క్షిపణుల వాడకంలో అసలు చిక్కు వాటి వయసే. నిరుడు దీపావళికి మిగిలిన చిచ్చుబుడ్డిని అటకపై దాచి ఈ ఏడాది వెలిగిస్తే ఏమవుతుందో ఇంటింటా తెలిసిన సంగతే. ఒకటి నిండుగా పూస్తుంది. ఒకటి తుస్సుమంటుంది. మరొకటి చేతిలోనే పేలుతుంది. ఘన ఇంధన మోటార్లదీ ఇదే తీరు. ఇంధనమూ, దాన్ని మండించే రసాయనమూ రబ్బరు వంటి బంధక పదార్థంలో కలిసి గట్టిపడి ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ బంధకం పెళుసుబారుతుంది. వేసవి వేడికీ, శీతకాలపు చలికీ సాగి ముడుచుకొని సన్నని బీటలు పడతాయి. బీట పడిన చోట మండే ఉపరితలం ఒక్కసారిగా పెరుగుతుంది. లోపలి ఒత్తిడి అదుపు తప్పి గొట్టం బద్దలయ్యే ప్రమాదం ఉంటుంది. నిల్వ గదుల్లో ఉష్ణోగ్రతను స్థిరంగా ఉంచడం, అప్పుడప్పుడు ఒక మోటారును నేలపైనే బిగించి మండించి చూడటం ఇందుకే.

ఇన్ని జాగ్రత్తల నడుమా వైఫల్యాలు తప్పలేదు. 2006 సెప్టెంబరు 13న వైట్ శాండ్స్‌లో హెరా లక్ష్యం ప్రయోగించిన కొద్దిసేపటికే అదుపు తప్పింది. భద్రతాధికారులు దాన్ని ధ్వంసం చేశారు. థాడ్ ప్రతిక్షిపణిని ప్రయోగించే అవకాశమే రాలేదు. 2007 మే 25న అలాస్కాలోని కోడియాక్ నుంచి ఎగిరిన లక్ష్యం తగినంత ఎత్తుకు చేరలేదు. దాంతో ప్రతిక్షిపణిని కదిలించకుండానే పరీక్షను రద్దుచేశారు. అదే పరీక్షను సెప్టెంబరు 28న మళ్లీ జరిపి విజయం సాధించారు. 2008 డిసెంబరు 5 నాటి పరీక్షలో ఢీకొట్టడం సఫలమైనా, లక్ష్యం నుంచి విడివడాల్సిన తప్పుదారి పరికరాలు బయటకు రాలేదు. అంటే అసలు పరీక్షించాల్సిన అంశమే పరీక్షకు రాలేదు.

ఇక్కడ నష్టం ఒక్క రాకెట్‌తో పోదు. ఒక పరీక్షకు ఓడలు, విమానాలు, రాడార్లు, వేలమంది సిబ్బంది నెలల తరబడి సన్నద్ధమవుతారు. లక్ష్యం మొరాయిస్తే ఆ శ్రమంతా వృథా. లక్ష్య క్షిపణుల లోపాలు రక్షణ పరీక్షల షెడ్యూలును దెబ్బతీస్తున్నాయని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2008లోనే ఎత్తిచూపింది. అందుకే కాలక్రమంలో కొత్తగా తయారుచేసిన లక్ష్యాల వాడకం కూడా పెరిగింది.

నిజమైన శత్రువులా ఉంటుందా?

మరో చర్చ లక్ష్యపు సహజత్వానికి సంబంధించింది. ఘన ఇంధనంతో నడిచే అమెరికా మోటారు మంట తీరు, ద్రవ ఇంధనంతో నడిచే స్కడ్ వంటి క్షిపణి మంట తీరు ఒకటి కావు. ఉపగ్రహ నేత్రానికీ, రాడార్‌కూ రెండూ వేర్వేరుగా కనిపిస్తాయి. అందువల్ల కొన్ని పరీక్షలకు అసలు సిసలు శత్రు తరహా క్షిపణినే తెచ్చుకున్నారు. 2004 జులై 29న ఇజ్రాయెల్ తన యారో వ్యవస్థను కాలిఫోర్నియా తీరంలో నిజమైన స్కడ్ క్షిపణిపై ప్రయోగించి సఫలమైంది. ఆ తర్వాతి నెలలో విడిపోయే శీర్షం గల లక్ష్యంపై జరిపిన పరీక్ష మాత్రం విఫలమైంది. లక్ష్యం కొద్దిగా మారితే ఫలితం ఎంత మారుతుందో చెప్పడానికి ఈ రెండు పరీక్షలే నిదర్శనం.

పరీక్షల్లో లక్ష్యం బయలుదేరే చోటు, సుమారు సమయం ముందే తెలిసి ఉండటంపై విమర్శలు ఉన్నాయి. అసలు శీర్షాన్నీ, మోసగించే బుడగలనూ వేరుచేసి గుర్తించే సామర్థ్యాన్ని పరీక్షలు రుజువు చేయడం లేదని ఎంఐటీ ఆచార్యుడు థియోడర్ పోస్టల్ వంటి శాస్త్రవేత్తలు 2000 ప్రాంతం నుంచే వాదించారు. నడక నేర్చే దశలో పరుగు పందెం పెట్టలేమని, పరీక్షలను అంచెలంచెలుగా కఠినం చేస్తామని అధికారులు బదులిచ్చారు. 2017 మే 30న ఖండాంతర శ్రేణి వేగం గల లక్ష్యాన్ని తొలిసారి కూల్చడం ఆ క్రమంలో ఒక మెట్టు.

ఒప్పందాల ముడి

లక్ష్యం పేరుతో ఎగిరినా క్షిపణి క్షిపణే. 500 నుంచి 5,500 కి.మీ. పరిధి గల, నేల నుంచి ప్రయోగించే క్షిపణులను నిషేధిస్తూ 1987 డిసెంబరు 8న రీగన్, గోర్బచేవ్ సంతకాలు చేసిన ఒప్పందం కింద ఇరుదేశాలు 2,692 క్షిపణులను ధ్వంసం చేశాయి. అమెరికా వాడుతున్న మధ్యశ్రేణి లక్ష్యాలు ఈ నిషేధిత అస్త్రాల వంటివేనని, ఇది ఒప్పంద ఉల్లంఘన అని రష్యా ఆరోపించింది. పరిశోధన నిమిత్తం ఇటువంటి రాకెట్ల వాడకానికి ఒప్పందమే అనుమతిచ్చిందని అమెరికా వాదించింది. పరస్పర ఆరోపణల నడుమ 2019 ఆగస్టు 2న ఆ ఒప్పందమే ముగిసిపోయింది.

మన పృథ్వి రెండు పాత్రలు

భారత్ అనుభవం కొంత భిన్నం. హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధనశాల డీఆర్‌డీఎల్‌లో రూపుదిద్దుకున్న పృథ్వి క్షిపణి 1988 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి తొలిసారి ఎగిరింది. ఉత్పత్తి బాధ్యత హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్ చేపట్టింది. ప్రతిక్షిపణి కార్యక్రమం మొదలయ్యాక శత్రువు పాత్రకు శాస్త్రవేత్తలు ఎంచుకున్నది ఈ పృథ్వినే. అమెరికాలో మాదిరిగా ఇది అప్పటికి కొలువు నుంచి తప్పించిన అస్త్రం కాదు. సైన్యం వాడుతున్న క్షిపణికే మార్పులు చేసి, ఎక్కువ ఎత్తుకు ఎగిరి నిటారుగా దిగేలా తీర్చిదిద్దారు. దూరం నుంచి వచ్చే శత్రు క్షిపణి చివరి ఘట్టాన్ని ఇది అనుకరిస్తుంది. ఇందులో వాడేది ద్రవ ఇంధనం. ఘన ఇంధనం ఒకసారి అంటుకుంటే ఆగదు. ద్రవ ఇంధన ఇంజినునైతే కావలసిన క్షణంలో ఆపవచ్చు. కోరిన మార్గంలో నడపడానికి ఇది వీలైన గుణం.

2006 నవంబరు 27న ఒడిశాలోని చాందీపూర్ నుంచి పృథ్వి లక్ష్యంగా ఎగిరింది. వీలర్ దీవి నుంచి వెళ్లిన ప్రతిక్షిపణి దాన్ని సుమారు 50 కి.మీ. ఎత్తున కూల్చింది. 2007 డిసెంబరు 6న వాతావరణం లోపల సుమారు 15 కి.మీ. ఎత్తున మరో విజయం దక్కింది. 2009 మార్చి 6న నౌక నుంచి ఎగిరే పృథ్వి రూపం ‘ధనుష్’ లక్ష్యమైంది. ఇక్కడా లక్ష్యం మొండికేసిన రోజు ఉంది. 2010 మార్చి 15న పృథ్వి నిర్ణీత మార్గం తప్పడంతో ప్రతిక్షిపణిని ప్రయోగించకుండా ఆపేశారు. అదే ఏడాది జులై 26న పరీక్ష తిరిగి జరిపి సఫలమయ్యారు. 150 కి.మీ. పరిధి గల తొలితరం పృథ్విని సైన్యం నుంచి తప్పించి కొత్తతరం క్షిపణులకు చోటివ్వనున్నట్లు డీఆర్‌డీవో 2013లో ప్రకటించింది.

2024 జులై 24న రెండో దశ రక్షణ వ్యవస్థ పరీక్ష జరిగింది. సాయంత్రం 4.20కి ధామ్రా నుంచి లక్ష్యం ఎగిరింది. 4.24కి చాందీపూర్ నుంచి ప్రతిక్షిపణి బయలుదేరింది. ఆ నాలుగు నిమిషాల్లోనే రాడార్లు పసిగట్టడం, లెక్కకట్టడం, ఆజ్ఞ అందడం పూర్తయ్యాయి.

తీరవాసుల వంతు

ఆ నాలుగు నిమిషాల వెనుక తీరవాసుల పాట్లు ఉన్నాయి. ఆ రోజు చాందీపూర్ ప్రయోగ వేదికకు మూడున్నర కిలోమీటర్ల పరిధిలోని పది గ్రామాల నుంచి పది వేలమందికి పైగా ప్రజలను అధికారులు తాత్కాలికంగా తరలించారు. పెద్దలు, పిల్లలు, పశువులతో శిబిరాలకు వెళ్లి, పరీక్ష ముగిశాక ఇళ్లకు చేరడం అక్కడి వారికి పరిపాటి. ఇందుకు ప్రభుత్వం పరిహారం చెల్లిస్తుంది. కవాయిలో ‘స్టార్స్’ ప్రయోగాలను 1990ల ఆరంభంలో స్థానికులు వ్యతిరేకించారు. ప్రయోగ వేదిక సమీపంలోని ఇసుక దిబ్బల్లో తమ పూర్వీకుల సమాధులున్నాయన్నది వారి ఆవేదన. క్వాజలీన్‌లో పరీక్షల కోసం 1960ల్లో పలు దీవులను ఖాళీ చేయించి, వాసులను ఎబాయ్ అనే చిన్న దీవికి చేర్చారు.

గుల్లలమోదలో ఏయే క్షిపణులు ఎగురుతాయన్నది రక్షణ శాఖ నిర్ణయం. కానీ ఎక్కడి పరీక్ష కేంద్రమైనా అనుభవం నేర్పిన పాఠం ఒక్కటే. ఎగిరేది కొత్తదైనా, పాతదైనా అది దారి తప్పే అవకాశాన్ని ముందే లెక్కలోకి తీసుకోవాలి. సముద్రంలో వేటకు వెళ్లే వారికి ప్రయోగ తేదీలు సకాలంలో అందాలి. వేట ఆగిన రోజుకు న్యాయమైన పరిహారం దక్కాలి. ఒకనాడు అణ్వస్త్రాన్ని మోయాల్సిన క్షిపణి పేలుడు పదార్థం లేకుండా ఎగిరి, రక్షణ కవచానికి పదును పెట్టి సముద్రంలో కలిసిపోవడం మంచి పరిణామమే. ఆ మంచి తీరంలోని చివరి ఇంటి వరకు నష్టం లేకుండా చేరినప్పుడే పరీక్ష నిజంగా సఫలమైనట్లు.